ఒక్క గుక్క తీర్పులూ, బాంబెర్గ్ పొగ బీరూ

ఒక్క గుక్క తాగి తీర్పు చెప్పేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. ఈ మంట బీరు ఒక్కదాని గురించే కాదు గానీ, ఈసారి కారణం మాత్రం బీరే. అదీ మామూలు బీరు కాదు, పొగబెట్టిన బీరు. మన ఆఫీసుల్లో ఎవరినైనా వదిలించుకోవాలంటే నెమ్మదిగా పొగబెట్టి పంపిస్తారు చూడండి, ప్రపంచం ఈ బీరుని కూడా సరిగ్గా అలాగే పొగబెట్టి బయటికి పంపింది. ఒక్క ఊరు మాత్రం "మేం పంపం" అని భీష్మించుకు కూర్చుంది. ఆ ఊరి పేరు బాంబెర్గ్.

నేను ఉండేది న్యూరెంబెర్గ్‌లో. ఇక్కడా, పక్కనే ఎర్లాంగెన్‌లోనూ మనవాళ్ళు బాగానే ఉన్నారు. బాంబెర్గ్ ఇక్కణ్ణించి రైల్లో గంట లోపే. ఊరు పాత పట్టణం మొత్తాన్నీ 1993లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. వెళ్ళిన ప్రతి ఇండియా వాడూ చేసేది ఒకటే. నది మీద కట్టిన పాత టౌన్ హాలు ముందు నాలుగు ఫోటోలు, కెథెడ్రల్ ముందు రెండు, ఆ తర్వాత ష్లెంకెర్లాలో ఒక బీరు, ఆ బీరు మీద ఒక జోకు, తిరుగు రైలు. అంతే సంగతులు.

ష్లెంకెర్లా అంటే ఓ కుటుంబం నడిపే చిన్న బ్రూవరీ, దాని తాలూకు పాత కాలపు సత్రంలాంటి బార్. ఆ ఇంటి ప్రస్తావన 1405 నాటి కాగితాల్లోనే ఉంది. అదే ఊళ్ళో స్పెజియల్ అని ఇంకోటి, అది 1536 నాటిది. ఇద్దరూ ఇవాళ్టికీ తమ మాల్టు తామే కట్టెల పొగ మీద ఆరబెట్టుకుంటారు. మాల్టు అంటే కంగారు పడక్కర్లేదు, మన రాగి మాల్టు లాంటిదే. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆ మొలక ఇంకా పెరగకుండా వేడి మీద ఆరబెడితే మాల్టు. ఆ వేడి ఏ మంటనించి వచ్చింది, ఆ మంట పొగ గింజకి తగిలిందా లేదా అన్నదే ఈ కథంతా.

క్రితం శీతాకాలం నలుగురం వెళ్ళాం. అక్కడ బల్లలు ఎవరికి వాళ్ళకి విడివిడిగా ఉండవు, ఖాళీ ఉన్నచోట సర్దుకుని కూర్చోవాలి. మా బల్ల దగ్గర ఆ ఊరి పెద్దాయన ఒకాయన ముందే కూర్చుని ఉన్నాడు. అర లీటరు గ్లాసుని అక్కడి యాసలో "సైడ్లా" అంటారు. నాలుగు సైడ్లాలు వచ్చాయి, చెక్క పీపాలోంచి తిన్నగా వంచినవి. మావాళ్ళ ముగ్గురి తీర్పులూ రెండు నిమిషాల్లో వచ్చేశాయి.

మొదటివాడు: "మావా, సాసేజీలు కడిగిన నీళ్ళురా ఇవి." ఫోన్ తీసి 5కి 1.5 వేసి, గ్లాసు పక్కకి నెట్టేశాడు.

రెండోవాడు: "ఎంత పర్సెంట్? 5.1 ఆ? ఇంతేనా? ఇంతోటిదానికి ఇక్కడిదాకానా?"

మూడోవాడు కళ్ళు మూసుకుని: "మా ఊళ్ళో దాలి పాలు గుర్తొచ్చాయిరా. ఆ రోజులే వేరు. ఈ గ్యాసు పొయ్యిలొచ్చి అన్నీ నాశనం చేశాయి."

పెద్దాయన మా భాష అర్థం కాకపోయినా మొహాలు చూసి విషయం కనిపెట్టేసి, ఇంగ్లీషులో ఒక్కటే మాట చెప్పాడు. ఒక్క గ్లాసుతో లేచేటట్టయితే అసలు మొదలు పెట్టొద్దట. మూడోది తాగితే గానీ ఇదేంటో తెలియదని ఆ ఊళ్ళో అందరూ చెప్పే మాటే అది. గ్లాసు కింద పెట్టే అట్టముక్క మీద కూడా ఇంచుమించు అదే అర్థం వచ్చేట్టు రాసుంటుంది. మొదటి గుక్క వింతగా ఉన్నా ఆపకండి, అని.

మావాళ్ళ ముగ్గురి మీదా నాకు వ్యక్తిగతంగా కోపమేం లేదు. బంగారం లాంటి కుర్రాళ్ళు. కానీ ఆ మూడు మాటలూ మూడు జబ్బులు. మన ఫీల్డులో ఉన్నవాళ్ళలో నూటికి తొంభై మందికి వీటిలో ఒకటైనా ఉంటుంది. అందుకే ఒక్కొక్కటీ విడివిడిగా చూద్దాం.

ముందు అసలు ఆ గ్లాసులో ఏముందో చెప్పాలి. రంగు దాదాపు నలుపు. దీపానికి ఎదురుగా పట్టుకుంటే అంచుల్లో ఎర్రటి గోధుమ రంగు కనిపిస్తుంది. నురగ మీగడ రంగులో చిక్కగా ఉంటుంది. ముక్కు దగ్గరకి తీసుకెళ్ళగానే పొగ. సందేహం లేదు, మొహమాటం లేదు, పొగే. నోట్లో పోసుకుంటే మొదట ఆ పొగ, దాని వెనకాల మాల్టు తీపి, కాల్చిన రొట్టె పెచ్చులాంటి రుచి, బెల్లం పాకం కాస్త ముదిరితే వచ్చే చిరుచేదు. చివర్లో ఆ తీపంతా పోయి నోరు పొడిగా, శుభ్రంగా అయిపోతుంది. అంత నల్లటి బీరు చిక్కగా గంజిలా ఉంటుందనుకుంటాం గానీ కాదు, తేలిగ్గానే దిగుతుంది. ఇంకో విషయం, ఇది మన దగ్గరలాగా ఐసు గడ్డ అయ్యేంత చల్లగా ఇవ్వరు. మరీ చల్లగా ఉంటే నాలుకకి ఏ రుచీ తెలియదు. మన దగ్గర "బాగా చిల్డ్ ఇవ్వు" అని అడగడంలో రహస్యం కూడా అదే. రుచి తెలియకుండా ఉండడమే అక్కడ కావలసింది :)

ఇది మార్జెన్ రకం, 5.1 శాతం. రంగుకీ పొగకీ సంబంధం కూడా లేదు. నలుపు బాగా వేయించిన మాల్టు వల్ల వస్తుంది. స్పెజియల్ వాళ్ళ పొగ బీరు చూడండి, రాగి రంగులో ఉంటుంది, పొగ కాస్త మెత్తగా ఉంటుంది. నల్లగా ఉంది కాబట్టి మాడిపోయింది అనుకునేవాళ్ళకి ఇదో చిన్న సమాధానం.

ఇప్పుడు మొదటివాడి సంగతి. "సాసేజీలు కడిగిన నీళ్ళు." ఆ గ్లాసులో సాసేజీ లేదు, మాంసం లేదు. బీచ్ చెట్టు కట్టె కాలినప్పుడు అందులోని లిగ్నిన్ అనే పదార్థం విడిపోయి గ్వాయకాల్, సిరింగాల్ లాంటి వాసన పదార్థాలు పుడతాయి. అవి పొగలో తేలి తడి గింజకి అంటుకుంటాయి. పొగబెట్టిన మాంసానికి ఆ వాసన వచ్చేదీ వాటివల్లే. జర్మనీలో పొగ వాసన తగిలిన ప్రతిసారీ మావాడి ముందు సాసేజీ ఉంది కాబట్టి వాడి బుర్ర ఈ వాసనని సాసేజీ ఫోల్డర్లో పెట్టేసింది. సాసేజీ మొహం ఎరగని మా అమ్మమ్మకి ఇదే వాసన చూపిస్తే కాల్చిన తేగ అంటుంది. లేకపోతే పచ్చడికి పొయ్యిలో కాల్చిన వంకాయ అంటుంది. నాటుకోడిని మంట మీద కాల్చి పసుపు పూసినప్పటి వాసన అంటుంది. అంటే మొదటి గుక్కకి మావాడు తీర్పు చెప్పింది బీరు మీద కాదు. వాడి జ్ఞాపకాల మీద. దానికి 5కి 1.5 వేసుకుంటే వేసుకోనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. దాన్ని బీరు ఖాతాలో రాయడం దగ్గరే నా అభ్యంతరం.

రెండో గ్లాసుకి ఏమవుతుందో వాడికి తెలియనే లేదు. ముక్కు గొప్ప పరికరం. ఒకే వాసన ఆగకుండా వస్తుంటే కాసేపటికి దాన్ని చెప్పడం మానేస్తుంది. అగరొత్తులు వెలిగించిన ఇంట్లోకి వెళ్ళినప్పుడు మొదటి నిమిషం ఘుప్పుమంటుంది, పది నిమిషాలకి అసలు ఉన్నట్టే తెలియదు. లాగ్ ఫైల్లో ఒకే వార్నింగు పదివేల సార్లు వస్తుంటే మనం దాన్ని ఫిల్టర్ చేసి మిగతావి చూస్తాం కదా, అదే పని. పొగ పక్కకి జరిగాక దాని వెనక ఉన్న తీపి, రొట్టె, చేదు ఒక్కొక్కటే ముందుకొస్తాయి. ఇది పెద్దాయన చాదస్తమూ కాదు, ఇంకో రెండు గ్లాసులు అమ్ముకునే ఎత్తూ కాదు. ముక్కు పనిచేసే పద్ధతే అది. పదిహేను నిమిషాలు నడిస్తే గానీ ఫలితం రాని ప్రోగ్రాముని రెండో సెకనులో ఆపేసి "అవుట్‌పుట్ లేదు" అని రిపోర్టు రాస్తే టెస్టర్ని ఏమంటాం? ఆ అనేదేదో ఇక్కడ కూడా అనుకోండి.

మరి మొదటి గుక్కకే నచ్చనిదాన్ని బలవంతంగా తాగాలా అంటారా? అక్కర్లేదు. నచ్చలేదు అనడం వేరు, పనికిరాదు అనడం వేరు. మొదటిది నీ గురించి చెప్పే మాట. రెండోది ఆ బీరు చేసినవాడి గురించి చెప్పే మాట. రెండోది అనాలంటే కనీసం వాడు ఏం చెయ్యబోయాడో తెలుసుకుని ఉండాలి. మనం రోజూ చేసే కోడ్ రివ్యూల్లో జరిగేది కూడా ఇదే. కొత్తగా వచ్చినవాడు పాత మాడ్యూల్ తెరిచి, ఒక వింత లైను చూసి, "ఇదేం చెత్త" అని తీసిపారేస్తాడు. ఆర్నెల్ల తర్వాత ఏదో పండగ రోజు అర్ధరాత్రి ఆ లైను ఎందుకుందో తెలుస్తుంది. అప్పుడు ఆన్‌కాల్‌లో ఉండేది వాడు కాదు, నేను.

ఇక్కడ కొంచెం చరిత్ర అవసరం. బాంబెర్గ్ వాళ్ళు పొగ బీరుని కనిపెట్టలేదు. ఒకప్పుడు మాల్టుని ఎండలోనో గాలికో ఆరబెట్టాలి, లేదంటే కట్టెల మంట మీద ఆరబెట్టాలి. మంట మీద ఆరబెడితే పొగ ఎలాగూ అంటుకుంటుంది. అది ఎవరూ కోరుకున్నది కాదు. అడగకుండా వచ్చిపడ్డ సైడ్ ఎఫెక్టు. చాలాచోట్ల జనం దానితో విసిగిపోయి ఉన్నారు కూడా. అందుకే పొగ తగలకుండా మాల్టు ఆరబెట్టే బట్టీకి 1635లోనే ఇంగ్లండులో నికొలస్ హాల్స్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత బొగ్గుని కోక్‌గా మార్చి వాడటం, వేడి గాలి మాత్రమే గింజకి తగిలే బట్టీలు, 1817లో డేనియల్ వీలర్ మాల్టు వేయించే డ్రమ్ము... ఒక్కొక్కటీ వచ్చాయి. పొగ అనే బగ్గుని రెండు మూడు శతాబ్దాల్లో ప్రపంచమంతా ఫిక్స్ చేసేశారు. ఇందులో తప్పేం లేదు. పచ్చి కట్టెలూ, గడ్డీ గాదం వేసి ఆరబెట్టిన మాల్టుతో చేసిన బీరు ఎలా ఉండేదో ఊహించుకుంటే, ఆ రోజుల్లో నేనున్నా కొత్త బట్టీకే ఓటేసేవాణ్ణి.

తమాషా ఏంటంటే, అందరూ మారాక మిగిలినవాళ్ళ పని కష్టమైపోయింది. ఇవాళ శుభ్రమైన మాల్టు ఫోన్ చేస్తే లారీలో వస్తుంది. అదే ఊళ్ళో 1879 నుంచి వైయర్‌మాన్ అనే పెద్ద మాల్టు కంపెనీ ఉంది, ప్రపంచంలో చాలా క్రాఫ్ట్ బ్రూవరీలకి పొగ మాల్టుతో సహా సరఫరా చేసేది వాళ్ళే. అలాంటి ఊళ్ళో కూర్చుని ష్లెంకెర్లా, స్పెజియల్ వాళ్ళు ఇప్పటికీ కట్టెలు కొని, వాటిని పూర్తిగా ఎండనిచ్చి, మంట రాజేసి, ఆ పొగ మీద తమ గింజ తామే ఆరబెట్టుకుంటున్నారు. మంట ఎక్కువైతే మాల్టు పాడవుతుంది, కట్టెలో తడి ఉంటే పొగ ఘాటుగా చేదెక్కుతుంది. ఇంత చాకిరీ బద్ధకంవల్ల ఎవడూ చెయ్యడు. "పాత పద్ధతి వదల్లేక వేలాడుతున్నారు" అనేవాళ్ళకి ఇదే నా జవాబు. వేలాడటానికి ఇంత ఖర్చవదు. సైడ్ ఎఫెక్టుగా మొదలైనదాన్ని వీళ్ళు కావాలని ఎంచుకున్నారు. ఆ ఎంపికకి ప్రతి బ్యాచ్‌కీ మళ్ళీ డబ్బు కడుతున్నారు.

కట్టడం మానేస్తే ఏమవుతుందో పోలండులో చూడొచ్చు. అక్కడ గ్రోజిస్కీ అని ఓక్ కట్టెల పొగ మీద ఆరబెట్టిన గోధుమ మాల్టు బీరు ఉండేది. తేలిక రంగు, తక్కువ ఆల్కహాలు, పూర్తిగా వేరే జాతి. గ్రోజిస్క్ ఊళ్ళో దాని బ్రూవరీ 1993లో మూతపడింది. మళ్ళీ తెరవడానికి 2015 దాకా పట్టింది. 22 ఏళ్ళు. డాక్యుమెంటేషన్ లేని సిస్టమ్ని రిటైరైనవాళ్ళని వెతికి పట్టుకుని అడిగి మళ్ళీ కట్టినవాళ్ళకి ఆ 22 ఏళ్ళ బరువు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మూడోవాడు, దాలి పాల భక్తుడు. నిజం చెప్పాలంటే నాకు మొదటివాడికన్నా వీడితోనే ఎక్కువ పేచీ. ఎందుకంటే వీడు నా పక్షాన ఉన్నట్టు కనిపిస్తాడు.

దాలి పాలు నాకూ తెలుసు. మా అమ్మమ్మ వాళ్ళ పెరట్లో దాలి గుంట ఉండేది. పిడకల మంట సెగ మీద మట్టికుండలో పాలు పొద్దుటినించీ సాయంత్రం దాకా కాగేవి. మీగడ ఎర్రగా దళసరిగా కట్టేది. ఆ పాలకీ, ఆ పెరుగుకీ, ఆ నెయ్యికీ ఒక పొగ వాసన. ష్లెంకెర్లా గ్లాసులో నాకూ అది తగిలింది, లేదని అనను. కానీ "ఈ గ్యాసు పొయ్యిలొచ్చి నాశనం చేశాయి" అన్న మాట విన్నప్పుడు నా బీరు గొంతులో అడ్డం పడింది. అమ్మమ్మ వంటింట్లో పొగగొట్టం లేదు. పెంకుల సందుల్లోంచి పోయినంత పొగ పోయేది, మిగతాది ఆవిడ కళ్ళల్లోకీ, ఊపిరితిత్తుల్లోకీ. ఊదుగొట్టం పక్కన పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ దగ్గడం ఆవిడ దినచర్యలో భాగం. ఆ పొగ ఆవిడ ఎంచుకున్నది కాదు. వేరే దారి లేక నెత్తిన పడ్డది.

ఇళ్ళల్లో వంటచెరుకు పొగ, అలాంటి కాలుష్యం వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం కింద డ్వాక్రా ఆడవాళ్ళకి గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు, 2016లో దేశమంతటా ఉజ్వల వచ్చింది. ఆ పథకాల్లో ఎన్ని లోపాలైనా వెతకండి, వింటాను. కానీ సిలిండరు ఇంటికొచ్చిన రోజున మా అమ్మమ్మ దాలి పాల రుచి గురించి ఒక్క కన్నీటి బొట్టు కూడా కార్చలేదు. ఆవిడ కన్నీళ్ళన్నీ అంతకుముందే పొగకి అయిపోయాయి.

ఆ రుచి కోసం తపించేది ఎవరు? పొయ్యి ముందు ఒక్కరోజు కూడా కూర్చోనివాళ్ళు. మా మూడోవాడు, నేను, మనలాంటివాళ్ళం. పండక్కి ఇంటికెళ్ళి "కట్టెల పొయ్యి మీద చెయ్యమ్మా, ఆ రుచే వేరు" అని అడిగి, ఫోన్ పట్టుకుని మంచం మీద పడుకునే సుపుత్రులం. నాయనా, అంత రుచిగా ఉంటే లేచి వెళ్ళి నువ్వే ఊదు. పెరట్లో, గాలి తగిలేచోట, నీ కళ్ళతో, నీ ఊపిరితిత్తులతో. అప్పుడది ష్లెంకెర్లా పని అవుతుంది. అమ్మ చేత ఊదించుకుంటే మాత్రం అది సంప్రదాయం కాదు, వెట్టి.

అందుకే బాంబెర్గ్ పొగనీ మా అమ్మమ్మ పొగనీ ఒకే గాటన కట్టొద్దంటున్నాను. రసాయనాలు అవే, వాసన కూడా ఇంచుమించు అదే. కానీ ఒకటి బట్టీలో, పొగగొట్టం కింద, జీతం తీసుకునే పనివాడు, కావాలని గింజకి పట్టించే పొగ. ఇంకోటి ఎవరూ అడగకుండానే ఒక మనిషి ఊపిరికి పట్టించిన పొగ. "పాతది కాబట్టి గొప్పది" అనేవాడూ, "పాతది కాబట్టి చెత్త" అనేవాడూ ఈ తేడా చూడరు. ఎంత పాతది అని అడుగుతారే గానీ, ఎవరు ఎంచుకున్నారు, ఖర్చు ఎవరు భరిస్తున్నారు అని అడగరు. పాత సిస్టమ్ని ఉంచాలా తీసేయాలా అన్న ప్రతి మీటింగులోనూ నేను వెతికేది ఈ రెండు ప్రశ్నలే. ఎవరూ కోరకుండా ఉండిపోయి, జూనియర్ల వీకెండ్లు తినేస్తుంటే నిర్దాక్షిణ్యంగా పీకెయ్యాలి. ఎవరో కావాలని, తెలిసి, దాని ఖర్చు తామే భరిస్తూ నడుపుతుంటే టోపీ తీసి దండం పెట్టాలి.

ఇక మిగిలింది పర్సెంటు బాబు. వీడు మన రాష్ట్రాల తయారీ. మన దగ్గర బీరు అంటే సీసా మీద పెద్దక్షరాలతో "స్ట్రాంగ్" అని ఉండాలి. రుచి గురించి అడిగినవాణ్ణి వింతగా చూస్తారు. పెట్టిన డబ్బుకి కిక్కు ఎంత అన్నదే లెక్క. తాగడం ఎలాగూ సిగ్గుపడాల్సిన పని అని పెంచారు కాబట్టి, ఆ సిగ్గు పనేదో త్వరగా ముగించి మంచమెక్కాలి. ష్లెంకెర్లాలోనే 6.5 శాతం ఉర్‌బాక్ ఉంది, క్రిస్మస్‌కి ఓక్ పొగతో 8 శాతంది కూడా చేస్తారు. ఆ మాట మావాడికి కావాలనే చెప్పలేదు. చెబితే బీరు మారేది గానీ ప్రశ్న మారేది కాదు.

ఇక్కడ ఇంకో రకం మహానుభావులు లేస్తారని తెలుసు. "తాగుడు గురించి ఇంత రాతా? కుర్రాళ్ళని చెడగొడుతున్నావు" అని. అయ్యా, ఆల్కహాలు క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. పొగ బీరైనా, వైనైనా, చీప్ లిక్కరైనా అందులో మినహాయింపు లేదు. తాగనివాణ్ణి తాగమని నేను అననుగాక అనను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడింది కూడా సరిగ్గా నేను చెప్పే కారణానికే. తాగేది మగవాడు, ఖర్చు భరించేది ఆవిడ. కూలి డబ్బులు పోయేది ఆవిడవి, దెబ్బలు తినేది ఆవిడ. ఆ ఖర్చు మోయమని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. ఆ పోరాటానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ అర లీటరు గ్లాసుని గంటసేపు పెట్టుకుని, ఇందులో ఏముంది, ఎవరు చేశారు, ఎలా చేశారు అని ఆలోచించేవాణ్ణీ, సీసా ఎత్తి ఊపిరి బిగబట్టి గుటకేసేవాణ్ణీ ఒకే బోనులో నిలబెడితే మాత్రం రెండోవాడికే లాభం. రుచి గురించి మాట్లాడటం నేరమైన చోట మిగిలేది కిక్కు ఒక్కటే.

చివరగా ఒక ముచ్చట. ష్లెంకెర్లా వాళ్ళు పొగ మాల్టు అసలు వెయ్యని లేత రంగు బీరు, హెలెస్ కూడా చేస్తారు. అందులోనూ సన్నగా పొగ వాసన వస్తుంది. పొగ బీరు కాచే రాగి పాత్రలే దానికీ వాడతారు, పొగ బీరు పులిసిన ఈస్టే దానికీ వేస్తారు. ఎక్కడో ఒక మూల పట్టుకున్న స్టేట్ ఇంకో చోట లీకవడం అన్నమాట! మనమైతే టికెట్టు తెరిచి, ప్రయారిటీ పెట్టి, ఎవడో ఒకడి నెత్తిన వేసేవాళ్ళం. వాళ్ళు దాన్నలాగే ఉంచి, ఎందుకలా వస్తుందో చెప్పి మరీ అమ్ముతున్నారు. ఇది పాత పద్ధతి ఉన్నచోటే పుట్టాలని కూడా లేదు. అమెరికాలో అలాస్కన్ బ్రూయింగ్ వాళ్ళకి ఏ ఆరువందల ఏళ్ళ ఇల్లూ లేదు. జూనో ఊళ్ళో సాల్మన్ చేపలు పొగబెట్టే చోటికి తమ మాల్టు పట్టుకెళ్ళి, ఆల్డర్ కట్టెల పొగ పట్టించి 1988లో స్మోక్డ్ పోర్టర్ చేశారు. వారసత్వం లేదు, జ్ఞాపకం లేదు. చుట్టుపక్కల ఏముందో చూసి ఎంచుకున్నారు, అంతే.

కాబట్టి ఈ పక్కకొచ్చే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నా మనవి ఒక్కటే. బీరు తాగనివాళ్ళు హాయిగా ఊరు చూసి రండి, పోయేదేం లేదు. తాగేవాళ్ళు మాత్రం ఆ ఫోటోల కార్యక్రమం అరగంట తగ్గించి, ఆ గ్లాసుకి ఓ గంట ఇవ్వండి. పర్సెంటు అడక్కండి. ఊరి దాలి గుంట గుర్తొస్తే రానివ్వండి, కానీ దాని ముందు కూర్చున్న మనిషి కూడా గుర్తు రావాలి. తర్వాత నచ్చలేదంటే నచ్చలేదనండి, ఎవరూ కాదనరు. నన్ను తిట్టదలచుకున్నవాళ్ళు కూడా దయచేసి రెండో గ్లాసు అయ్యాక తిట్టండి.